మోత గుండు

మక్తల్ శిబిరంలో అతని చెవులకు యంత్రం తొడిగింది నేనే.
చప్పుడు వినపడితే మీట నొక్కమని సైగ చేశాను.
పావుగంట గడిచినా బొటనవేలు కదల్లేదు.
కాగితం మీద గీత కిందికి, ఇంకా కిందికి,
ఎండాకాలం బావిలో చేదతాడులా.

"నీ డబ్బల ఏమున్నదో నాకు ఎరుక లేదు గని,"
అన్నాడు వడ్డె తిప్పన్న,
"ఐతారం రా బిడ్డా. మోత గుండు సూపిస్త."

తెల్లారకముందే గుట్ట మొదట్లో ఉన్నాం.
అతని తుండుగుడ్డలో జొన్నరొట్టెలు, ఎర్రకారం.
నా దగ్గర రెండు సీసాల నీళ్లు, కొత్త బూట్లు.
బూట్లను చూసి నవ్వాడు,
వట్టికాళ్లతో ముందు నడిచాడు.

ఎంత రాయి!
ఎవరో తూకం వేస్తూ వేస్తూ
దించడం మరిచి వెళ్లిపోయినట్టు
గుండు మీద గుండు.
ఒకటి పండుకున్న ఎనుము, ఒకటి పగిలిన కుడక.
ఒకటి మాత్రం దేనిలాగా లేదు,
దానికేసి చాలాసేపు చూశాను.

బండ మీది పొరలు ఉల్లిపొట్టులా లేచివున్నాయి.
"పగలు ఉబ్బుతది, రాత్రి ముడుసుకుంటది.
మన తీర్గనే," అని గట్టిగా అరిచాడు.
తన గొంతు తనకు వినపడని మనిషి
రాళ్లన్నిటికీ వినిపించేలా మాట్లాడతాడు.

ముప్పై ఏండ్లు క్వారీలో మందు కూరాడట.
వత్తి అంటించి ఉరికి, బండ చాటున కూచుని
ఒకటి, రెండు, మూడు.
"లెక్క ఒక్కనాడు తప్పలే.
చెవులే తప్పినయ్."

మిట్టమధ్యాహ్నం దోనె దగ్గర ఆగాం.
జానెడు నీళ్లు, అందులో తోకకప్పలు,
సొరికెలో వేళ్లు ఇరికించుకున్న సీతాఫలం మొక్క.
గుండు నీడ జరిగిన కొద్దీ
మేమూ రొట్టె పట్టుకుని జరిగాం.

పొద్దు వాలుతుండగా చేరాం.
పెద్దదేం కాదు. ఎడ్లబండి అంత.
ఒంటి నిండా గిన్నెల్లాంటి గుంటలు,
ఎన్ని తరాలు కొట్టాయో.
చిన్నప్పుడు మేకల మందను మళ్లేయడానికి
దీన్నే మోగించేవాళ్లట,
మూడూళ్లకు కంచుగంటలా వినపడేదట.
పదకొండేళ్లయింది అతను ఇటు రాక.

గుంటలో ఉన్న గుండ్రాయి తీసి
ఎడమచేయి గుండుకు ఆనించి
కుడిచేత్తో కొట్టాడు.

టప్.

పచ్చి గోడకు పిడక చరిచినట్టు. అంతే.
గుండు నడుము చుట్టూ సన్నని నెర్రె.
అందులోంచి చీమలు వరసగా పోతున్నాయి.

"మోగిందా?"

ఆరేళ్ల ఉద్యోగంలో
లేని చప్పుడు ఉందని ఎవరికీ రాయలేదు.
తల ఊపాను.
చేతులు బార్లా చాపి, ఇంత పెద్దగా అని చూపించాను.

అప్పుడు చూశాను,
అతని ఎడమ అరచేయి ఇంకా రాయి మీదే ఉంది.

ఏమీ అనలేదు.
గుండ్రాయిని దాని గుంటలోనే పెట్టి
అరచేయి పంచెకు తుడుచుకున్నాడు.
"నీళ్లున్నయా?" అన్నాడు.
ఉన్న సీసా ఇచ్చాను, సగం తాగి సగం మిగిల్చాడు.

దిగేటప్పుడు నా మడమలు పుండ్లయ్యాయి.
కముజు ఒకటి పొదలోంచి లేచింది,
దాని రెక్కల చప్పుడుకు నేనొక్కదాన్నే ఉలిక్కిపడ్డాను.

పరుపుబండ మధ్యలో
ఉన్నట్టుండి తిప్పన్న ఆగిపోయాడు.
పెదవులు లెక్కపెడుతున్నాయి.
ఏమిటని అడగబోయేలోపు
ఎక్కడో గుట్టల అవతలినుంచి
బరువుగా ఒక మోత వచ్చి నన్ను తాకింది.

"ఐతారం గూడ ఆపరు," అన్నాడు కాళ్లకేసి చూసుకుంటూ,
"నాలుగు తూటాలు."

నాకు వినపడింది ఒక్కటే.